తూర్పు కనుమల గిరిజన ధ్వనికళ: వాడి విడిచిన పదార్థం, సహజ చలనం – అరకు పరిసరాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వాడి విడిచిన వస్తువుల నుంచి, గాలి, నీరు, పశువు, మనిషి అడుగు వంటి సహజ చలనాల నుంచి ధ్వనిని రూపొందించడాన్ని 20వ శతాబ్దపు పాశ్చాత్య కళాచరిత్ర ఒక నూతన ఆవిష్కరణగా పరిగణించింది. అరకు లోయను, దానిని ఆనుకొని ఉన్న తూర్పు కనుమల గిరిజన ప్రాంతాన్ని ఈ దృష్టితో పరిశీలిస్తే అదే పని ఇక్కడ కళ అనే పేరు లేకుండానే చాలా కాలంగా సాగుతున్నట్లు తెలుస్తుంది. చనిపోయిన పశువు చర్మం, పాత ఇత్తడి, రైలు పట్టా ముక్క, డబ్బా రేకు ఈ ధ్వనికి ముడిసరుకులు. అయితే ఈ పదార్థాలను పలికించిన చేతులకు సమాజంలో దక్కిన స్థానం పదార్థానికి దక్కిన స్థానం వంటిదే. పదార్థం, చలనం, వాద్యకారుని సామాజిక స్థానం అనే మూడు అంశాలను కలిపి చూడకపోతే ఈ ధ్వనుల చరిత్ర అసంపూర్ణంగా మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అరకు లోయ, తూర్పు కనుమలు, ధ్వనికళ, థింసా, గిరిజన వాద్యాలు, డొంబులు, వాల్మీకులు, కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, మ్యూజియం.

1. ఉపోద్ఘాతం

సంగీతం, ధ్వని ఒకటి కావు. స్వరస్థానాలు, తాళం, రాగం వంటి నియమాలతో కూర్చిన ధ్వనిని సంగీతం అంటున్నాం. ఆ నియమాల వెలుపల ఉన్న ధ్వనిని కూడా ఉద్దేశపూర్వకంగా రూపొందించి, వినదగినదిగా నిలిపినప్పుడు దానిని ధ్వనికళ అంటున్నాం. ఈ భావనకు మూలపురుషులుగా సాధారణంగా పేర్కొనేవారు యూరోపియన్లు. ఇటలీకి చెందిన లుయీజీ రుస్సోలో 1913లో చప్పుళ్ల కళ గురించి ఒక ప్రకటన వెలువరించాడు. యంత్రాల, వీధుల రొదను సంగీతంలోకి తీసుకురావాలన్నది అతని వాదం. ఫ్రాన్సులో పియెర్ షెఫర్ 1948లో రైళ్ల చప్పుడు వంటి రికార్డు చేసిన ధ్వనులతో రచనలు చేశాడు. కెనడాకు చెందిన ముర్రే షేఫర్ 1977లో ప్రచురించిన గ్రంథంలో ఒక ప్రదేశానికి దృశ్యం ఉన్నట్లే ధ్వని పరిసరం కూడా ఉంటుందని ప్రతిపాదించాడు. ఆ తరువాతి కాలంలో చెత్త నుంచి వాద్యాలు చేయడం, గాలికి పలికే శిల్పాలు నిలపడం ప్రపంచవ్యాప్తంగా ఒక కళారంగంగా స్థిరపడ్డాయి.

ఈ చరిత్రను ఉన్నదున్నట్లు స్వీకరిస్తే గిరిజన ప్రాంతాల ధ్వనులకు రెండే స్థానాలు మిగులుతాయి. ఒకటి జానపద సంగీతం, రెండోది నిత్యోపయోగ వస్తువు. పశువు మెడలోని కొయ్య గంట రెండో కోవలోకి, థింసాకు వాయించే మోరి మొదటి కోవలోకి పోతాయి. వాటి మధ్య గల సంబంధం కనిపించకుండా పోతుంది. ఆ సంబంధాన్ని తిరిగి నిలపడానికి అరకు పరిసరాలు అనువైన క్షేత్రం.

పరిశీలనకు తీసుకున్న ప్రాంతం నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, అనంతగిరి, పాడేరు పరిసరాలు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఈ జిల్లా ఏర్పడింది. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలు ఏజెన్సీగా ప్రత్యేక పాలన కిందికి వచ్చాయి. నేటి ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనిదే. కాబట్టి ధ్వని చరిత్రను రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆపడం సాధ్యం కాదు. పోర్జా, గదబ, కోందు, బగత, కోటియా, కొండదొర, వాల్మీకి సమూహాల జీవితం, పండుగలు, సంతలు ఆ సరిహద్దుకు రెండు వైపులా అల్లుకుని ఉన్నాయి.

2. రాతి నుంచి మొదలైన వినికిడి

దొరికిన పదార్థాన్ని పలికించడం ఈ భూభాగంలో ఎంత పాతదో సూచించే పురావస్తు ఆధారాలు ఉన్నాయి. ఒడిశాలోని అంగుల్ ప్రాంతంలో సంకర్‌జంగ్ అనే చోట పొడవైన, నునుపు చేసిన రాతి బద్దలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన పాల్ యూల్, మార్టిన్ బెమ్మన్ 1988లో ప్రచురించిన వ్యాసంలో ఇవి భారతదేశపు తొలి సంగీత వాద్యాలు కావచ్చా అనే ప్రశ్నను లేవనెత్తారు. తడితే మోగే గుణం ఆ రాతి బద్దలకు ఉండటమే వారి వాదానికి ఆధారం. తెలుగు, కన్నడ ప్రాంతాల సరిహద్దున బళ్లారి దగ్గరి కుప్‌గల్ కొండపై నవీన శిలాయుగపు రాతి చెక్కడాల పక్కనే మోగే బండలు ఉన్నాయి. రాళ్లతో కొట్టిన గుర్తులు వాటిపై గుంటలుగా మిగిలి ఉన్నాయి. నికోల్ బోవిన్ 2004లో ఆ చెక్కడాలను, ఆ మోతను కలిపి వివరించారు.

ఈ రెండు ఉదాహరణలు అరకు లోయవి కావు. వాటి నుంచి నేటి గిరిజన వాద్యాలకు నేరుగా వంశవృక్షం గీయడం శాస్త్రీయం కాదు. అవి నిరూపించేది ఒక్కటే. వస్తువును వాద్యంగా తయారు చేయడానికి ముందు వస్తువులో ఉన్న ధ్వనిని కనిపెట్టే చెవి ఉండాలి. బండలు అనేకం ఉన్న కొండపై ఏ బండ మోగుతుందో ఎంచుకోవడం ఆ చెవి చేసిన పని. పదార్థాన్ని ఎంచుకోవడమే తొలి సృజన అన్న సూత్రం తరువాతి చర్చ అంతటికీ వర్తిస్తుంది.

వాద్యాల వర్గీకరణ ఈ సూత్రాన్ని ఎంతవరకు పట్టుకుంది? నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిర అని నాలుగుగా విభజించింది. హార్న్‌బోస్టెల్, సాక్స్ 1914లో ప్రకటించిన వర్గీకరణ కూడా ప్రధానంగా కంపించేది ఏది అన్న ప్రశ్నపైనే నిలిచింది. తీగ, చర్మం, ఘనపదార్థం, గాలి అన్నవే అక్కడి విభాగాలు. ఆ పదార్థం వాద్యం కాకముందు ఏమిటి, దానిని కదిలించేది ఎవరు అన్న రెండు ప్రశ్నలు ఈ వర్గీకరణల లక్ష్యం కావు. కొండ ప్రాంతపు ధ్వనులకు ఆ రెండు ప్రశ్నలే కీలకం.

3. సహజ చలనం: పశువు, గాలి, అడుగు

3.1 కొయ్య గంట

విశాఖ మన్యం, కోరాపుట్, బస్తర్ ప్రాంతాలలో అడవిలోకి మేతకు తోలే పశువుల మెడలో కొయ్య గంటలు కట్టడం వాడుక. కొయ్య దుంగను లోపల తొలిచి, ఆ బోలులో కొయ్య నాలుకలను వేలాడదీస్తారు. పశువు మెడ కదిలినప్పుడు నాలుక గోడను తాకుతుంది. లోహపు గంటలా మోత సాగదు. పొడిగా, బోలుగా, తెగి తెగి వినిపిస్తుంది. బోలు ఎంత లోతుగా ఉంది, గోడ ఎంత మందంగా ఉంది, కొయ్య ఎంత ఆరింది అన్న అంశాలను బట్టి ధ్వని మారుతుంది. కనుక ఏ రెండు గంటలూ సరిగ్గా ఒకేలా పలకవు.

కనుచూపు ఆనని పొదల్లో మంద ఎక్కడ ఉందో కాపరికి చెప్పేది ఈ తేడాయే. గంట లయను బట్టి పశువు నడుస్తున్నదా, మేస్తున్నదా, బెదిరి పరుగెత్తుతున్నదా అన్నది కూడా తెలుస్తుంది. వాయించేవాడు లేని ఈ వాద్యానికి శ్రోత ఉన్నాడు. చేసినవాడు ధ్వనికి అవకాశం మాత్రమే కల్పిస్తాడు, లయను పశువు నిర్ణయిస్తుంది. 20వ శతాబ్దపు కళాకారులు యాదృచ్ఛికత అనే పేరుతో సిద్ధాంతీకరించిన స్థితి ఇదే. కాపరికి అది సిద్ధాంతం కాదు, పొద్దుగూకే వేళకు మందను ఇంటికి చేర్చుకునే సాధనం.

3.2 గాలి

బస్తర్ ప్రాంతంలో ఊదకుండా గాలిలో ఊపితే పలికే వెదురు వేణువు ఉంది. చేతితో పట్టుకుని విసురుగా తిప్పినప్పుడు బొంగులోకి దూసుకుపోయే గాలి స్వరంగా మారుతుంది. అడవి దారిలో నడిచే మనిషి చేతి ఊపే దానికి ఊపిరి. జంతువులను దూరంగా ఉంచడానికి దానిని వాడతారని చెబుతారు. నేడు అది హస్తకళల విపణిలో అలంకార వస్తువుగా కూడా అమ్ముడవుతున్నది.

పంట చేలలో ధ్వనికి ఉన్న స్థానం మరింత విస్తృతం. పోడు భూముల్లో, కొండ వాలు చేలలో చోడి, సామ, జొన్న వంటి పంటలు గింజ పట్టే కాలంలో పిట్టలనుంచి, అడవి పందులనుంచి కాపాడుకోవడానికి మంచె, వడిసెల, కేక, చప్పుడు అన్నీ అవసరమే. తెలుగు పల్లెల్లో కర్రకు వేలాడదీసిన ఖాళీ డబ్బాలు, సీసాలు గాలికి ఒకదానికొకటి తగిలి మోగడం చిరపరిచితం. ఆడియో క్యాసెట్ల కాలం ముగిసిన తరువాత వాటి టేపును చేను గట్ల మీద కర్రల మధ్య బిగించి కట్టడం మరో వాడుకగా వచ్చింది. గాలి వీచినప్పుడు సన్నని టేపు వేగంగా అదురుతూ రొద చేస్తుంది, ఎండకు తళుక్కుమంటుంది.

ఈ చివరి ఉదాహరణకు ధ్వనిశాస్త్రంలో దీర్ఘ చరిత్ర ఉంది. గాలికి పలికే తీగల వాద్యాన్ని అథనాసియస్ కిర్షర్ 1650లో వర్ణించాడు. బిగించిన తీగను గాలి దాటుతున్నప్పుడు పుట్టే స్వరం గాలి వేగాన్ని, తీగ మందాన్ని బట్టి మారుతుందని స్ట్రూహల్ 1878లో చూపాడు. తీగ లాంటి గుండ్రని వస్తువుకు, పట్టీ లాంటి టేపుకు అదురు తీరులో తేడా ఉన్నా, రెండింటినీ పలికించేది గాలి చలనమే. ఒకప్పుడు పాటను మోసిన టేపు, పాట చెరిగిపోయిన తరువాత గాలి పాటను పలకడం రైతు ఉద్దేశించిన కవిత్వం కాదు. పదార్థపు బిగువును, తేలికను గుర్తించి దానికి కొత్త పని అప్పగించిన వివేకం మాత్రం ఉద్దేశపూర్వకమైనదే.

3.3 అడుగు

అరకు ప్రాంతపు ప్రధాన నృత్యం థింసా. చైత్రమాసపు పండుగలో, పెళ్లిళ్లలో స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా ఏర్పడి వలయంగా కదులుతారు. ఒక ఊరి నృత్యకారులు మరో ఊరికి వెళ్లి ఆడి, సామూహిక భోజనంలో పాల్గొనే ఆచారాన్ని సంకిడి కేల్బార్ అంటారు. బోడ థింసా, గుండేరి థింసా, పొత్తర్ తోలా థింసా, కుండ థింసా, బాయ థింసా వంటి భేదాలు ఇందులో ఉన్నాయి. గ్రామదేవత గౌరవార్థం ఆడేది బోడ థింసా. ఆకులు కోసే పనిని అభినయించేది పొత్తర్ తోలా థింసా.

థింసాను సాధారణంగా దృశ్యకళగా వర్ణిస్తారు. ధ్వని కోణంలో చూస్తే గొలుసులోని పాదాలన్నీ ఒకేసారి నేలను తాకడం, కాలి ఆభరణాలు ఒకేసారి మోగడం కూడా వాద్యమే. ఆకు కోత నృత్యంగా మారినప్పుడు పని చలనం ధ్వని చలనంగా మారుతున్నది. పశువు, గాలి, మనిషి అన్న మూడు స్థాయిలలో ఈ ప్రాంతపు ధ్వనికి మూలం అప్పటికే జరుగుతున్న కదలికే. ధ్వని కోసం కొత్త కదలికను సృష్టించడం కన్నా, ఉన్న కదలికకు ధ్వనిని తొడగడం ఇక్కడి పద్ధతి.

4. చర్మం, ఇత్తడి: పదార్థం వెంట వచ్చిన అంటు

థింసాకు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. వీటిలో చర్మవాద్యాల ముడిసరుకు పశువు చర్మం. పశువు జీవితమంతా మెడగంటతో ధ్వనిస్తుంది, మరణించిన తరువాత చర్మంగా ధ్వనిస్తుంది. వాడకం తీరిన పదార్థాన్ని ధ్వనిగా మార్చడం అన్న నిర్వచనానికి దీనికంటే ప్రాచీనమైన, విస్తృతమైన ఉదాహరణ దొరకదు. అయితే ఈ పదార్థాన్ని ముట్టుకునే పని అందరిదీ కాదు.

డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్, ఎడ్గర్ థర్‌స్టన్ కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఈ కొండల డొంబులను గురించి రాశాయి. నేతపని, చిల్లర వ్యాపారం, వాద్యం వారి వృత్తులుగా నమోదయ్యాయి. కోరాపుట్ వైపు గదబ, పోర్జా గ్రామాల పెళ్లిళ్లలో, అంత్యక్రియలలో వాయించేది వారే. వారు లేనిదే ఆ క్రతువు సాగదు. అదే సమయంలో వారు గ్రామపు సామాజిక నిచ్చెనలో కింది మెట్టున ఉన్నారు. సమూహాన్ని నేరప్రవృత్తితో ముడిపెట్టే వలస పాలనా ధోరణి కూడా ఈ వర్ణనల్లో కనిపిస్తుంది. వాద్యం గురించి ఒక వాక్యం, అనుమానం గురించి పేరాలు రాసిన ఆ దృష్టిని విమర్శనాత్మకంగా చదవవలసి ఉంటుంది.

ఈ స్థానం నేటి రాజ్యాంగ జాబితాల్లో మరో రూపం తీసుకుంది. డొంబులు ఒడిశాలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు ప్రాంతపు వాల్మీకులు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. డొంబులకూ ఏజెన్సీ వాల్మీకులకూ గల సామ్యం చాలాకాలంగా చర్చలో ఉన్న అంశం. వలస కాలంలో ఒకే జిల్లాగా ఉన్న కొండల్లో నేడు సరిహద్దుకు ఒకవైపు వాద్యకారుడు దళితుడు, మరోవైపు అదే స్థానంలో ఉన్నవాడు గిరిజనుడు. కాబట్టి గిరిజన వాద్యం అన్న చీటీ ఒక వాద్యానికి తగిలించినప్పుడు అది ఎవరిది అన్న ప్రశ్న తేలికగా తేలేది కాదు. నృత్యం చేసే సమూహానిదా, చర్మం బిగించి వాయించే సమూహానిదా? థింసా భేదాలలో ఒకటైన నటికారి థింసాను ముఖ్యంగా వాల్మీకులు దీపావళి కాలంలో ఒంటరి నృత్యంగా ఆడటం ఈ సందర్భంలో గమనార్హం. ఇతరుల వలయానికి వాద్యం సమకూర్చే సమూహానికి తనదైన నృత్యం కూడా ఉందన్నమాట.

పశ్చిమ ఒడిశా వాద్యకారులపై లిడియా గుజీ 2013లో ప్రచురించిన గ్రంథం అంచులకు నెట్టబడిన సంగీతం అన్న భావనను శీర్షికగానే స్వీకరించింది. క్రతువులో కేంద్ర స్థానం, సమాజంలో అంచు స్థానం ఒకే మనిషిలో కలిసి ఉండటం అక్కడి పరిస్థితి. తెలుగు మైదాన ప్రాంతంలో డప్పు చరిత్ర కూడా ఇదే. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పును అవమాన చిహ్నం నుంచి ఆత్మగౌరవ చిహ్నంగా మార్చింది. వాద్యాన్ని గురించి మాట్లాడటమంటే వాయించేవారి గౌరవాన్ని గురించి మాట్లాడటమేనని ఆ ఉద్యమం నిరూపించింది.

ఇత్తడి కథ కొంత భిన్నం. మైనపు అచ్చు పద్ధతిలో పోతపోసే డోక్రా కళ కోరాపుట్, బస్తర్‌లలోనూ, తెలంగాణలోని ఆదిలాబాద్ ప్రాంతంలోనూ ఉంది. ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ వృత్తిలో పగిలిన, అరిగిన పాత ఇత్తడి పాత్రలను కరిగించి వాడటం సాధారణం. వంటింట్లో వాడి పారేసిన గిన్నె గజ్జెగా, గంటగా, దేవతామూర్తిగా తిరిగి వస్తుంది. చర్మం తన పుట్టుకను దాచుకోలేదు గనుక దాని అంటు వాద్యకారునికి అంటుకుంది. లోహం కొలిమిలో తన గతాన్ని పోగొట్టుకుంటుంది గనుక గజ్జెకు ఆ సమస్య లేదు. వాడి విడిచిన పదార్థాలన్నీ సమానం కావని ఈ పోలిక చెబుతుంది.

5. ఇనుము వచ్చిన తరువాత

1960వ దశకంలో నిర్మితమైన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ కొండల ధ్వని పరిసరాన్ని శాశ్వతంగా మార్చింది. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవు ద్వారా జపాన్‌కు ఎగుమతి చేయడం దాని లక్ష్యం. సొరంగాలు 58 అని చెప్పే ఈ మార్గంలో అరకు సమీపాన గల శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. కొయ్య గంట వినిపించే దూరాన్ని ఖనిజపు రైలు మోత మింగివేయగలదు. పియెర్ షెఫర్ 1948లో రైళ్ల చప్పుడును కళగా వినిపించిన రెండు దశాబ్దాల లోపే అదే చప్పుడు అరకు లోయకు చేరింది. ఇక్కడ దానిని వినాలా వద్దా అని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు.

రైలు ధ్వనితోపాటు పదార్థాన్ని కూడా తెచ్చింది. తెలుగునాట ఎన్నో పాఠశాలల్లో బడిగంట అంటే చెట్టుకో దూలానికో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనుప కడ్డీతో కొడితే ఊరంతా వినిపించే ఆ మోతకు కారణం పట్టా ఉక్కు గట్టితనం, దాని నిడివి, స్వేచ్ఛగా వేలాడే తీరు. సంకర్‌జంగ్ రాతి బద్దకూ ఈ ఉక్కు ముక్కకూ ధ్వని సూత్రం ఒకటే. తరతరాల విద్యార్థులకు కాలాన్ని నేర్పిన ఈ వస్తువు వాద్యాల జాబితాలో ఎక్కడా లేదు. పాత లారీ కమాను పట్టీలు పల్లె కొలిమిలో కత్తులుగా, గొడ్డళ్లుగా మారడం, నూనె డబ్బాలు చేలల్లో మోగడం, డప్పుకు చర్మం బదులు ఫైబర్ మూత రావడం ఇదే వరుసలోని పరిణామాలు.

ఫైబర్ డప్పు విషయంలో తొందరపడి తీర్పు చెప్పలేం. చర్మం పోవడంతో మంట దగ్గర కాచి శ్రుతి చేసుకునే పని పోయింది, ధ్వని పదునెక్కి దాని లోతు తగ్గింది. వానాకాలంలో చర్మం మెత్తబడే ఇబ్బంది కూడా పోయింది. చనిపోయిన పశువు చర్మాన్ని ముట్టుకున్నందుకు వచ్చే అవమానం కూడా కొంత తగ్గింది. సంప్రదాయ పరిరక్షకుడు కోల్పోయానని భావించే అంశంలోనే వాద్యకారుడు ఊరటను చూడవచ్చు. పాత పదార్థమే శుద్ధమైనదని పట్టుబట్టే పరిశోధన ఆ ఊరటను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ప్రపంచ చరిత్ర నుంచి ఒక పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. ట్రినిడాడ్‌లో వలస ప్రభుత్వం 1880వ దశకంలో డోళ్ల వాదనపై ఆంక్షలు విధించింది. పేద నల్లజాతి యువకులు వెదురు బొంగులకు, తరువాత బిస్కెట్ డబ్బాలకు, చివరకు చమురు పీపాలకు మళ్లారు. ఆ పీపా నుంచి పుట్టిన స్టీల్‌పాన్ నేడు ఆ దేశపు జాతీయ వాద్యం. అక్కడ పారేసిన పీపాతో పాటు దానిని పలికించిన వారికీ గుర్తింపు వచ్చింది. అరకు ప్రాంతంలో థింసాకు గుర్తింపు వచ్చింది. పర్యాటక వేదికలపై అది ప్రాంతానికి ముఖచిత్రంగా నిలిచింది. ఆ చిత్రంలో వలయం ముందు, వాద్యకారులు ఒక పక్కన ఉంటారు.

6. గ్రంథస్థం కాని ధ్వని

ఈ ధ్వనుల లిఖిత చరిత్ర ఎందుకు పలుచగా ఉందో కూడా పరిశీలించాలి. ఫ్రెడ్ ఫాసెట్ 1880వ దశకంలో సవరలపై రాసిన వ్యాసం, సి. ఆర్. డే 1891లో దక్షిణ భారత, దక్కను వాద్యాలపై ప్రచురించిన గ్రంథం ఒకే కాలానివి. డే దృష్టి ప్రధానంగా ఆస్థాన, ఆలయ సంగీత వాద్యాలపై ఉంది. జాతివర్ణన రచయితలు వాద్యాన్ని దుస్తులు, ఆభరణాల వరుసలో ఒక వస్తువుగా నమోదు చేశారు. సంగీతజ్ఞులు కొండ ఎక్కలేదు, కొండ ఎక్కినవారు సంగీతాన్ని ప్రధానంగా వినలేదు అన్నది ఈ కాలపు సారాంశం.

ఇందుకు భిన్నమైన చెవి గిడుగు వేంకట రామమూర్తిది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను సవరల నోటనే నేర్చుకున్న ఆయన 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించారు. భాష పేరును రాయడంలోనే అచ్చు దీర్ఘతను సూచించే గుర్తులు వాడటం ఆయన ధ్వని నిష్ఠకు నిదర్శనం. వ్యావహారిక భాషోద్యమానికీ ఈ కృషికీ మూలం ఒకటే. రాసినదాన్ని కాక పలికినదాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్నదే ఆ మూలం. ఆ సూత్రాన్ని వాద్య ధ్వనికి విస్తరించే పని తరువాతి తరాలకు మిగిలింది.

మరొక విశేషం స్వీడన్ మానవశాస్త్రవేత్త కార్ల్ గుస్తావ్ ఇజికోవిట్స్‌ది. దక్షిణ అమెరికా మూలవాసుల వాద్యాలపై, ఇతర ధ్వని సాధనాలపై 1935లో ప్రామాణిక గ్రంథం రాసిన ఆయన 1950వ దశకంలో కోరాపుట్ గదబల మధ్య పరిశోధన చేశారు. వాద్యం అన్న మాటతో సరిపెట్టక ధ్వని సాధనం అన్న విశాల పదాన్ని ఎంచుకున్న పండితుడు ఆయన. అయినా గదబలపై ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం ధ్వని గురించి కాదు, మృతుల స్మారకంగా జరిపే గొత్తర్ క్రతువు గురించి. కొండ ప్రాంత పరిశోధనలో క్రతువు, బంధుత్వం ముందు వరుసలో నిలిచాయి, ధ్వని వాటి నేపథ్యంగా మిగిలింది.

తెలుగులో ఈ లోటును గుర్తించి పనిచేసినవారిలో జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ముఖ్యులు. ఆదివాసీ, జానపద వాద్యాలను సేకరించి మూలధ్వని పేరుతో వారు ప్రజల ముందుంచారు. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించడం కూడా ఆనపకాయ బుర్రల వాద్యం వైపు తెలుగు సమాజం దృష్టి మళ్లించింది.

7. మ్యూజియంలో మూగబోయిన వస్తువు

అరకులోని గిరిజన మ్యూజియం 1996లో ఏర్పడింది. గిరిజనుల జీవనాన్ని నిలువెత్తు మట్టి బొమ్మలతో, వస్తువులతో చూపే ఈ సంస్థ లోయకు వచ్చే సందర్శకునికి తొలి పరిచయం కల్పిస్తున్నది. థింసా నృత్య దృశ్యం కూడా అక్కడి ప్రదర్శనలో ఉంది. ఇటువంటి సంస్థల విలువను తక్కువ చేయడానికి వీలులేదు. వస్తువు నశించకుండా కాపాడింది అవే. సమస్య ప్రదర్శన పద్ధతి స్వభావంలో ఉంది. అద్దం వెనుక ఉన్న డోలు పలకదు. పశువు లేని కొయ్య గంట కదలదు. గాలి లేని గదిలో గాలి వాద్యం కర్రముక్క. చలనమే ప్రాణమైన వస్తువును నిశ్చలంగా ఉంచినప్పుడు దాని రూపం మాత్రమే మిగులుతుంది.

దీనికి పరిష్కారం ఖరీదైన సాంకేతికత కానవసరం లేదు. ప్రతి ధ్వని సాధనం పక్కన నాలుగు వివరాలు నమోదు చేస్తే చాలు. పదార్థం ఇంతకుముందు ఏమిటి? దానిని ఏ చలనం పలికిస్తుంది? తయారుచేసిన, వాయించిన సమూహం ఏది? అది పలికిన చోట రికార్డు చేసిన ధ్వని ఎలా ఉంది? ఈ నాలుగింటిలో మూడో ప్రశ్నను దాటవేయడం తేలిక, జవాబు చెప్పడం ఇబ్బందికరం. కాబట్టే అది అత్యవసరం. వాద్యకారుల సమ్మతితో, వారి మాటల్లోనే ఆ వివరం నమోదు కావాలి. లేకపోతే అంటరానితనాన్ని దాచిన అందమైన చీటీ మాత్రమే మిగులుతుంది.

8. ముగింపు

1. వాడి విడిచిన పదార్థంతో, సహజ చలనంతో ధ్వనిని రూపొందించడం 20వ శతాబ్దపు నగర కళ మాత్రమే కాదు. తూర్పు కనుమల గిరిజన జీవితంలో అది అవసరం నుంచి పుట్టి, ఎంపికతో, వివేకంతో ఎదిగిన సంప్రదాయం.

2. పశువు, గాలి, అడుగు అన్న మూడు చలనాలలోనూ ధ్వనికి ముందే కదలిక ఉంది. ఉన్న కదలికకు ధ్వనిని జోడించడం ఈ ప్రాంతపు ప్రత్యేక పద్ధతి.

3. చర్మం, ఇత్తడి, ఉక్కు, డబ్బా రేకు అన్నీ రెండో జీవితం పొందిన పదార్థాలే. వాటిలో చర్మం మాత్రమే తన వెంట సామాజిక అంటును తెచ్చింది. ఆ అంటును పదార్థం కన్నా ఎక్కువగా వాద్యకారుడే మోశాడు.

4. రైలుమార్గం నుంచి ఫైబర్ మూత వరకు వచ్చిన మార్పులను కేవలం క్షీణతగా చూడటం సరికాదు. ప్రతి మార్పు ఎవరికి నష్టం, ఎవరికి విముక్తి అని వేరువేరుగా తూచాలి.

5. ధ్వని సాధనాల నమోదులో పదార్థపు పూర్వరూపం, చలనం, వాద్యకార సమూహం, రికార్డు చేసిన ధ్వని అన్న నాలుగు అంశాలు చేరితే వర్గీకరణ గ్రంథాలు వదిలేసిన చరిత్ర కొంతైనా పూరింపబడుతుంది.

పారేసిన వస్తువు పలికినప్పుడు ఆశ్చర్యపోవడం కళాభిమాని లక్షణం. దానిని పలికించిన మనిషి పేరు, ఊరు, స్థానం అడగడం చరిత్రకారుని బాధ్యత. అరకు కొండల ధ్వని చరిత్ర రాయడానికి పూనుకునే పరిశోధకులు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది.